రోజీ రాని బుధవారాలు

మార్చి 19, బుధవారం

ఇవాళ చర్చలో నేను గెలిచాను. అంత గెలుపు రాసిపెట్టుకోకుండా ఉండలేక డైరీ తీశాను. జనవరిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు ఇచ్చింది, కొట్లో బల్ల సొరుగులో ఖాళీగా పడి ఉంది.

విషయం: విశ్వానికి మొదలుందా, లేదా. ఎనిమిదేళ్ళుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి నూజివీడులో మా జిరాక్సు కొట్లో ఇదే గొడవ, కాకపోతే దీని అక్కో చెల్లెలో. వేగంగా పోయేవాడి గడియారం నెమ్మదిగా నడుస్తుందంటే, వాడికి ఆకలి కూడా ఆలస్యంగా వేస్తుందా? కాలమే లేనప్పుడు 'ముందు' అనే మాటకి అర్థం ఉందా? ఇలాంటివి. మేం ముగ్గురమే. రోజీ పక్క వీధి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతుంది, బుధవారం మధ్యాహ్నం ఆమెకి పీరియడ్లుండవు. మొదలుంది అంటుంది. నేను ఎప్పుడో బీఎస్సీ చదివి ఇప్పుడు జిరాక్సులు తీస్తూ, మామిడి ప్యాకింగు వాళ్ళకి పాత పేపర్లు అమ్ముకుంటున్నదాన్ని, మొదలు లేదంటాను. ప్రభాకరరావు గారు ఆగిరిపల్లి నుంచి బండి మీద వచ్చి, పేపర్ల కట్ట మీద కూర్చుని, చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల ఊపుతారు. పాతికెకరాల తోట ఉన్న మనిషి, విశ్వం విషయంలో ఆయనకి తొందర లేదు.

రోజీ వస్తూనే ఇంకో సంగతి చెప్పింది. ఈ స్కూల్లో తనకి ఎనిమిదేళ్ళు నిండాయట. ఈ వేసవిలో బదిలీ తప్పదట. ఉమ్మడి జిల్లాలో ఎక్కడైనా వేయొచ్చట, బందరు అవతల సముద్రం ఒడ్డున వేసినా వేయొచ్చట. సరేలే, అప్పటి సంగతి అప్పుడు అని నేను చర్చ మొదలుపెట్టాను.

"బిగ్ బ్యాంగ్ జరిగిందంటావు. ఎక్కడ జరిగింది?"

"ఒకచోట కాదు రేవతీ, అన్నిచోట్లా జరిగింది. చోటు అనేదే అప్పుడు మొదలైంది" అంది రోజీ.

"అంటే నూజివీడులో కూడానా అండీ?" అన్నారు ప్రభాకరరావు గారు.

"నూజివీడులో కూడానండి."

"మరి ఆగిరిపల్లిలో?"

"ఆగిరిపల్లిలో కూడా."

ఆయన చాలా సంతోషించారు. రోజీ విశ్వం వ్యాకోచం గురించి పెసరట్టు పోలిక చెప్పింది, గరిటె తిప్పితే పిండి పరుచుకున్నట్టు అని. పెసరట్టుకి మధ్య ఉంటుంది, విశ్వానికి లేదంటున్నావు కదా అని పట్టుకున్నాను. ఒక్క నిమిషం తడబడింది. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"నీకు ఆది కావాలి రోజీ. ఆది లేకపోతే నీకు ఆదివారం గడవదు కదా!"

ఆలోచించి అన్నది కాదు, దానంతట అదే వచ్చింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషికి ఎంత చక్కగా అతికిందో! ప్రభాకరరావు గారు కడుపు పట్టుకుని నవ్వారు. జిరాక్సు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వారు. రోజీ కూడా నవ్వింది. నవ్విందనే అనుకుంటున్నాను. పరీక్షల డ్యూటీ ఉందని పెందలాడే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే రెండుసార్లు చెప్పించుకుని మరీ నవ్వారు.

మార్చి 26, బుధవారం

రోజీ రాలేదు. టెన్త్ పరీక్షల డ్యూటీ.

పేపర్లు తీసుకెళ్ళడానికి సవరమ్మ వచ్చింది. మా ఆయన కాయల యార్డులో ప్యాకింగు ఆడవాళ్ళందరికీ ఈమే పెద్ద. "రోజీ మేడంగారు లేరేంటమ్మా? ఇవాళ మొదలుందా లేదా?" అంది. లేదని చెప్పాను. "ఎందుకు లేదూ, నాకైతే పొద్దున్నే ఐదింటికి మొదలు" అని కట్టలు ఎత్తుకుని పోయింది.

మార్చి 30, ఉగాది

రోజీకి మా పండగలతో పని లేకపోయినా ఉగాది పచ్చడంటే ప్రాణం. ఏటా పదింటికల్లా స్టీలు డబ్బాతో వస్తుంది. ఇవాళ రాలేదు. ఊళ్ళో లేదేమో. మధ్యాహ్నం అటువైపు పనుండి వాళ్ళ వీధిలోంచి వెళ్ళాను. మేడ మీద ఆమె చీరలు ఆరేసి ఉన్నాయి. ఆరేసి ఊరెళ్ళి ఉంటుంది.

పచ్చడి ఈసారి చాలా బాగా కుదిరింది. రెండు గిన్నెలు మిగిలిపోయింది.

ఏప్రిల్ 2, బుధవారం

రోజీ రాలేదు. ప్రభాకరరావు గారు వచ్చారు, సంచిలో ఒక అంటు మొక్కతో. ఆయన చేత్తో కట్టిన చిన్నరసం మామిడి. బల్ల మీద పెట్టి, ఇవాళ నా ప్రశ్న ఇదేనండి అన్నారు.

"ఇదిగో, ఈ కట్టు కిందది టెంక నుంచి మొలిచింది, దీని వయసు ఏడాది. పైనున్న పుల్ల మా తాతగారు వేసిన చెట్టుది. ఆ చెట్టుకి ఎనభై ఏళ్ళు. టెంక మొక్కయితే కాపుకి ఎనిమిదేళ్ళు ఆగాలి. ఈ అంటు మూడో ఏడే పూస్తుంది, ఎందుకంటే పై పుల్లకి తన వయసు గుర్తుంటుంది. కింద ఏడాది, పైన ఎనభై. రెండూ ఒకే కాండం. ఇప్పుడు ఈ మొక్కకి పుట్టినరోజు ఎప్పుడు చేయాలండీ?"

ఎనిమిదేళ్ళలో చర్చకి ఆయన తనంతట తాను తెచ్చిన మొదటి ప్రశ్న. ఒకే మొక్కలో రెండు కాలాలు! పైగా ఇది నా పక్షానికే బలం. ఆ తాతగారి చెట్టు కూడా అంటు కట్టిందేగా, దాని పైపుల్ల ఇంకో చెట్టుది, అది ఇంకోదానిది, అలా వెనక్కి పోతూ ఉంటే మొదలెక్కడుంది అన్నాను.

"అలా పోగా పోగా, ఎప్పుడో ఒకసారి ఒక టెంక మొలిచి ఉండాలి కదండీ, ఆ చిన్నరసానికి?" అన్నారాయన మెల్లగా.

దీనికి సమాధానం రోజీ ఉంటే చెప్పేది. ఏం చెప్పేది? ఆమెది ఎదుటి పక్షం, నాకు సమాధానం ఎందుకిస్తుంది? అయినా ఉంటే బాగుండేది. ఈ మొక్కని చూస్తే ఎగిరి గంతేసేది.

మొక్క కొట్లోనే ఉంచి వెళ్ళారు. నీళ్ళు పోశాను.

ఏప్రిల్ 9, బుధవారం

రోజీ రాలేదు. టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ.

ఏప్రిల్ 16, బుధవారం

పేపర్లు దిద్దడం పోయిన వారమే అయిపోయిందట. జిరాక్సుకి వచ్చిన లెక్కల మాస్టారు చెప్పారు.

సరే. ఎవరి ఇష్టం వాళ్ళది. చర్చ అనేది మనుషుల మీద ఆధారపడితే అది చర్చే కాదు. వాట్సాప్‌లో మా ముగ్గురికీ 'బుధవారం' అని ఒక గ్రూపు ఉంది. అందులో ఇలా రాశాను:

"మిత్రులకు మనవి. రోజీ గారు వచ్చినా రాకపోయినా బుధవారం చర్చ యథాప్రకారం జరుగుతుంది. మన చర్చ సాపేక్షం కాదు, నిరపేక్షం."

చమత్కారంగా వచ్చింది. చూసేవాడిని బట్టి మారేది సాపేక్షం. ఎవరున్నా లేకున్నా మారనిది నిరపేక్షం. కాలేజీలో తెలుగు మీడియం పుస్తకంలో చదివిన మాటలు, ముప్పై ఏళ్ళ తర్వాత ఇలా అక్కరకొచ్చాయి. 'రోజీ గారు' అని 'గారు' పెట్టాను. ఎప్పుడూ పెట్టను. గ్రూపు కదా, మర్యాదగా ఉంటుందని.

ఏప్రిల్ 17

చదివింది. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ప్రభాకరరావు గారు దణ్ణం బొమ్మ పెట్టారు.

ఏప్రిల్ 20, ఆదివారం

బంగినపల్లి కాయ మొదలైంది. ఇల్లంతా సొన వాసన. ఈ నెలన్నర మా ఆయన ఇంట్లో ఉన్నా ఫోనులోనే ఉంటారు. ఢిల్లీ లోడు ఇంకా నాగపూర్ కూడా దాటలేదని డ్రైవరు మీద అరుస్తున్నారు. కదిలేవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుందండీ, సైన్సు ఒప్పుకుంటుంది అని చెప్పాను.

"అందుకేనా వెధవ ఎప్పుడూ లేటు! మీ సైన్సుకి చెప్పు, ఆ కాయ మాత్రం నెమ్మదిగా పండటంలేదని" అన్నారు.

నవ్వలేక చచ్చాను. ఇది రోజీకి చెప్పాలి అనుకున్నాను. ఫోను తీశాను కూడా. మళ్ళీ పెట్టేశాను, చార్జింగు తక్కువగా ఉంది.

నాకేం లోటు? కొట్టు బాగుంది, ఆయన బాగున్నారు, కాయ బాగుంది. సాయంత్రం మొదటి పండు కోసుకుని మేమిద్దరం టెంక కోసం పోట్లాడుకున్నాం. నేనే గెలిచాను.

ఏప్రిల్ 30, బుధవారం

నెలలో చివరి బుధవారం మేం పక్షాలు మార్చుకుంటాం. ఎవరూ తమ వాదాన్ని మరీ ముద్దుచేసుకోకూడదని రోజీ పెట్టిన నియమం. ఆ రోజు నేను మొదలుందని వాదించాలి, రోజీ లేదని వాదించాలి.

రోజీ లేదు. నియమం మాత్రం ఉంది. నేను రోజీ పక్షం తీసుకున్నాను, ప్రభాకరరావు గారు నా పక్షం తీసుకున్నారు, జీవితంలో మొదటిసారి ఒక పక్షం అంటూ తీసుకుని.

తయారవుదామని పొద్దున చర్చల పుస్తకం తీశాను. ప్రతి బుధవారం ఎవరేమన్నారో అందులో రోజీయే రాస్తుంది, గుండ్రటి టీచరమ్మ అక్షరాలతో. ఎనిమిదేళ్ళవి చదివాను. జిరాక్సులకి వచ్చినవాళ్ళని కాసేపాగి రమ్మన్నాను.

రోజీ వాదనలు: దూరంగా ఉన్న గెలాక్సీలు ఇంకా దూరమైపోతున్నాయి, వాటి వెలుగు ఎర్రబారడమే సాక్ష్యం. పాత టీవీలో ఛానెల్ లేనిచోట వచ్చే చుక్కల గోలలో ఒక పిసరు విశ్వం పుట్టినప్పటిది. నక్షత్రాల్లో హీలియం ఎంత ఉండాలో లెక్క వేస్తే సరిగ్గా అంతే ఉంది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా దేవుడు చెప్పాడనిగానీ, పుస్తకంలో ఉందనిగానీ అనలేదు.

నా వాదనలు: 'రేవతి: మా తాతయ్య చెప్పేవాడు, సృష్టి మళ్ళీ మళ్ళీ జరుగుతుందని.' 'రేవతి: యుగాల లెక్క చూడండి.' 'రేవతి: అనాది అన్నారు పెద్దలు.' ఇలాంటివి పదకొండు ఉన్నాయి. రోజీ ఒక్కదానికీ నవ్వలేదు. పక్కన బ్రాకెట్టు పెట్టి 'ఆలోచించాలి' అని రాసుకుంది.

చర్చ బాగానే సాగింది. రోజీ వాదనలే నేను చెప్పాను, అవి బలమైనవి కాబట్టి నేను గెలిచాను. ప్రభాకరరావు గారు, "రోజీ మేడంగారు చెప్పినట్టే చెప్పారండి" అన్నారు.

ఆ మాట మీద నేనేమీ రాయదలుచుకోలేదు.

మే 3

గాలివాన. విస్సన్నపేట వైపు బాగా రాలిందట. మన వైపు పెద్ద నష్టం లేదు. రాలిన కాయ పదిమందికి పంచాం. రోజీ ఇంటికి కూడా సవరమ్మ చేత పంపాను. నేను పంపానని చెప్పొద్దన్నాను. తిరిగొచ్చి, "రేవతమ్మగారు పంపారని చెప్పానమ్మా, లేకపోతే దొంగకాయ అనుకుంటారు" అంది.

"ఏమంది?"

"మీ ఒంట్లో బాగుందా అని అడిగారు."

మే 7, బుధవారం

రోజీ రాలేదు.

మే 14, బుధవారం

ఇవాళ నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ రాలేదు.

మూడింటికి రోజీ మా వీధిలోంచే నడిచి వెళ్ళింది. చేతిలో ఫైలు, నెత్తిన కొంగు. మా కొట్టు ముందు ఒక్క క్షణం నెమ్మదించింది. లేచి నిలబడ్డాను కూడా. తల తిప్పకుండా వెళ్ళి, వీధి చివర ఉన్న నెట్ సెంటర్లోకి పోయింది. మా కొట్లో నెట్ లేదా? ప్రింటరు లేదా? స్కానరు మొన్న సంక్రాంతికి కొత్తది కొన్నాం, ఆమే కదా ఎంపిక చేసింది. ఎనిమిదేళ్ళుగా ఆమె సర్వీసు కాగితాలన్నీ తీసింది నేనే. ఆమె ఆధార్ నెంబరు నాకు నోటికొచ్చు.

అరగంట అక్కడే ఉంది. బయటికొచ్చి అటు నుంచి అటే వెళ్ళిపోయింది.

ఇంక ఏమీ మిగల్లేదు. ఎనిమిదేళ్ళూ నేనే ఏదో ఉందనుకున్నాను. ప్రభాకరరావు గారు వస్తే ఇవాళ చర్చ లేదన్నాను. ఆయన పేపర్ల కట్ట మీద ఊరికే కాసేపు కూర్చుని వెళ్ళారు.

మే 21, బుధవారం

ప్రభాకరరావు గారు చిన్నరసాల బుట్ట పట్టుకొచ్చారు. కిందపెట్టి, నిలబడే ఉన్నారు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"రేవతమ్మగారూ, మధ్యలో నేను మాట్లాడకూడదు. కానీ బస్టాండులో రోజీ మేడంగారు కనబడ్డారండి. బుధవారం రావట్లేదేంటండీ అని అడిగాను. 'అపేక్ష లేదని అందరికీ తెలిసేలా రాశాక ఎలా వస్తానండీ' అన్నారు."

"నేను రాశానా? ఎప్పుడు రాశాను?"

ఆయన ఫోను తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ మెసేజీ చూపించారు. నిరపేక్షం.

"అది ఫిజిక్స్ మాటండీ! దేని మీదా ఆధారపడనిది అని అర్థం."

"అయ్యుండొచ్చండి. నాకు తెలిసిన అపేక్ష ఒకటే. మా పెద్దమ్మకి మేమంటే అపేక్ష, మాకు ఆవిడంటే అపేక్ష. అది చదివి నేనూ అనుకున్నాను, పాపం రేవతమ్మగారికి అంత కోపం దేనికా అని. అందుకే దణ్ణం పెట్టి ఊరుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ దేశంలో ఎంతమంది సాపేక్ష సిద్ధాంతం గురించి పోట్లాడుకుని ఉంటారో గానీ, ఆ మాటకున్న తెలుగు అర్థంతో ఒకరి మనసు విరిచింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అయినా రోజీ సైన్సు టీచరు. ఆమెకి ఆ మాట తెలియదా? తెలుసు. తెలిసే అలా అంది. అదే అర్థం కావడం లేదు.

మే 22

వెళ్ళలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

మే 23

వెళ్ళలేదు.

మే 24, శనివారం

వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి, కొట్టు తీయకుండానే, బుట్టలో మగ్గిన రసాలు ఓ పాతిక తీసుకుని.

రోజీ గది నిండా అట్టపెట్టెలు. గ్లాసులు పేపర్లలో చుడుతోంది. ఎక్కడ వేశారని అడిగాను. ఇంకా రాలేదు, ఎక్కడైనా సర్దుకోవాల్సిందేగా అంది. కూర్చోమని కుర్చీ మీది పుస్తకాలు తీసింది. చిక్కిపోయింది. పలకరింపు మర్యాదగా ఉంది, అదే ప్రాణం తీసింది.

నేను తయారై వెళ్ళాను. నిరపేక్షం అనే మాటకి నిఘంటువు అర్థం, పుస్తకంలో అర్థం చీటీ మీద రాసుకెళ్ళాను. చీటీ తీసి మొదలుపెట్టాను.

"రెండర్థాలూ నాకు తెలుసు రేవతీ" అంది రోజీ, గ్లాసు చుడుతూనే. "నువ్వు ఏ అర్థంతో రాశావో నీకు తెలుసా?"

చీటీ మడిచేశాను. తెలుసు. రాసేటప్పుడే తెలుసు. 'గారు' పెట్టినప్పుడే తెలుసు.

"తప్పు చేశాను" అన్నాను. "ఆ ఆదివారం మాట కూడా. అది అందరి ముందూ అని, ఇంటికెళ్ళి మళ్ళీ చెప్పుకుని నవ్వుకున్నాను. నీ వాదనలన్నీ మళ్ళీ చదివాను. నువ్వు ఒక్కసారి కూడా దేవుణ్ణి తేలేదు. తెచ్చింది నేనే. నన్ను క్షమించు రోజీ."

ఇంత సూటిగా నేను మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. రోజీ చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కోపం కాదే. మొదట్లో కోపమే, రెండు రోజులు. తర్వాత భయం వేసింది. నువ్వన్నది నిజమేమోనని. చిన్నప్పటి నుంచి ఆదివారం చర్చి బల్ల మీద కూర్చుని విన్నది కాబట్టే నాకు బిగ్ బ్యాంగ్ అంత నచ్చిందేమో, సాక్ష్యాలన్నీ తర్వాత ఏరుకున్నానేమోనని. పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను కదా. అది తేల్చుకోకుండా నీ ముందు ఎలా కూర్చోను? పుస్తకాలన్నీ మళ్ళీ తీసి చదివాను. నీ మెసేజీ వచ్చేసరికి సగంలో ఉన్నాను. అది చూశాక మాత్రం కాళ్ళు రాలేదు."

"ఏం తేలింది?"

"మొదలుంది" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఆదివారాలు తీసేసినా ఉంది. నాకు నచ్చడం వేరు, అది ఉండటం వేరు. ఇప్పుడు నువ్వు చెప్పు. నీకెందుకు మొదలు ఉండకూడదు?"

సైన్సు చెబుదామని నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"మొదలుంటే చివర కూడా ఉంటుందిగా. నువ్వు ఆ రోజు వస్తూనే బదిలీ అన్నావు. ఆ తర్వాత నీ మాట నాకు ఒక్కటీ వినబడలేదు. నిన్ను ఏదో ఒకటి అనాలనిపించింది, అన్నాను. నువ్వెళ్ళిపోతే నేను ఎవరితో మాట్లాడను రోజీ? మా ఆయనకి కాయ తప్ప ఏమీ అక్కర్లేదు. ప్రభాకరరావు గారు అన్నింటికీ తలూపుతారు."

రోజీ ఫక్కున నవ్వింది. "విశ్వానికి ఆద్యంతాలు లేవని ఎనిమిదేళ్ళుగా నువ్వు వాదిస్తున్నది, నేను ఊరు మారతాననా?"

"ఎనిమిదేళ్ళుగా కాదు, ఈ ఒక్కసారే" అన్నాను. ఇద్దరం ఏడుస్తూ నవ్వాం. ఆ తర్వాత అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని రసాలు పిసుక్కుని తిన్నాం. పాతికలో పన్నెండు పళ్ళు అయిపోయాయి. చీర మీద పడ్డ మరక పోదు, పోకపోయినా ఫరవాలేదు.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నెట్ సెంటరు సంగతి అడగడం మరిచిపోయాను. పోనీలే, ఎవరి కాగితాలు వాళ్ళవి.

మే 28, బుధవారం

రోజీ వచ్చింది. మూడింటికి పది నిమిషాలు ముందే.

ప్రభాకరరావు గారు అంటు మొక్క మళ్ళీ బల్ల మధ్యలో పెట్టారు. రోజీ దాన్ని చూసి నేననుకున్నట్టే గంతేసింది. మొక్క పుట్టినరోజు మీద గంటన్నర కొట్టుకున్నాం. పై పుల్లకి వయసు గుర్తుండటం వేరు, కాలమే వేరుగా నడవటం వేరు, ఈ రెండూ కలిపితే ఐన్‌స్టీన్ లేచొస్తాడు అంది రోజీ. కట్టు కట్టిన రోజే దాని పుట్టినరోజు అని నేను. కాదు, రెండు పుట్టినరోజులూ చేయాల్సిందే అని సవరమ్మ, పేపర్లు ఎత్తుకోవడానికి వచ్చి అరగంట నిలబడిపోయి. ఎవరూ గెలవలేదు. చర్చల పుస్తకంలో రోజీ ఆరు పేజీలు నింపింది.

మనసు నిండుగా ఉంది. బదిలీ ఉత్తర్వు ఇంకా రాలేదు.

జూన్ 4, బుధవారం

రోజీ వచ్చింది. విషయం: కాంతికి వయసుందా. నేను ఓడిపోయాను.

జూన్ 11, బుధవారం

ఉత్తర్వు వచ్చింది. రేపే స్కూళ్ళు తెరుస్తారు, రేపే చేరాలి. రోజీ పరుగెత్తుకుంటూ మా కొట్టుకే వచ్చింది. రెండు కాపీలు కావాలి, ఉత్తర్వు, ఆప్షన్ల కాగితం కలిపి తియ్యమంది. ఫోను నా చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

విస్సన్నపేట. హమ్మయ్య అనుకున్నాను. సముద్రం ఒడ్డున వేస్తారని మూడు నెలలు హడలిపోయాం, తీరా చూస్తే గంట ప్రయాణం. ఎంత అదృష్టం అనుకుంటూ రెండో కాగితం తెరిచాను. బదిలీకి ఏ ఊళ్ళు కావాలో టీచర్లు నెట్‌లో వరుసగా పెట్టుకున్న పట్టిక అది. మొదటి ఆప్షన్ విస్సన్నపేట. రెండు, మూడు, నాలుగు కూడా ఇటు పక్కవే. జి. కొండూరు ఎక్కడో పదకొండోది. జి. కొండూరులో వాళ్ళ అన్నయ్య ఇల్లుంది, విజయవాడ పక్కనే. ఇన్నేళ్ళ సర్వీసుకి రోజీ అడిగితే అదే వచ్చేది.

కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఆప్షన్లు సమర్పించిన తేదీ మే 14, మధ్యాహ్నం 3.22.

ఇది నేను రెండుసార్లు చదివాను. ఆ మధ్యాహ్నం ఆ నెట్ సెంటరు వైపు చూస్తూ నేను ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

రోజీ మొహం తుడుచుకుంటూ వచ్చింది. కాగితం చూపించాను.

"ఇది పెట్టినప్పుడు నువ్వు నాతో మాట్లాడటం లేదుగా?"

"లేదు" అంది, కాగితం వైపు చూసి. "నీ కొట్లో పెడితే నువ్వు చదివేస్తావని అక్కడికెళ్ళాను."

"మరి విస్సన్నపేట ఎందుకు పెట్టావు?"

"నాలుగుంబావుకి బస్సుంది. స్కూలు వదలగానే ఎక్కితే ఐదున్నరకల్లా ఇక్కడుంటా. బుధవారం నాడు ఇంక మూడింటికి కుదరదు, టైము మార్చుకోవాలి" అంది. తర్వాత నా మొహం చూసి, "ఏంటే అలా చూస్తావు? కోపం వచ్చింది నిజమే. ఎల్లకాలం ఉంటుందా ఏంటి?" అంది.

ప్రింటరు ఆన్ చేశాను. ఆమె రెండు కాపీలు అడిగింది, నేను మూడు తీశాను.